సంచి చిరగకూడదు

మా అవ్వ సైదాపురం దగ్గర అభ్రకం షెడ్డులో పనిచేసేది. గని నుంచి వచ్చిన బిళ్లలను చిన్న కత్తితో పొరలుగా చీల్చడం ఆమె పని. పొర ఎంత పల్చగా వస్తే అంత పనిమంతురాలి కింద లెక్క. ముసలితనంలో రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. "అభ్రకం అడ్డం పెట్టుకుని చూస్తున్నట్టుంది" అనేది. ఆపరేషన్ చేసి, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టి, చివరికి సోడాబుడ్డి కళ్లద్దాలు చేతికిచ్చారు. వాటిలోంచి చూస్తే ప్రతి వస్తువూ పావు వంతు పెద్దదిగా, ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది. మంచినీళ్ల గ్లాసు అందుకోబోతే ఆమె చెయ్యి జానెడు ముందే ఆగిపోయేది.

నిరుడు నెల్లూరులో మా అమ్మకు అదే ఆపరేషన్ జరిగింది. పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసింది. లెన్స్ కంట్లోనే ఉంది, సోడాబుడ్డి అద్దాల ఊసే లేదు. ఈ తేడా అంతా లెన్స్ మహిమే అనుకునేవాణ్ణి. ఆపరేషన్ గది బయట టీవీలో జరుగుతున్నదంతా చూపించారు. చూశాక నా అభిప్రాయం మారింది. అసలు గొప్పతనం పెట్టే వస్తువులో కంటే, తీయకుండా మిగల్చే వస్తువులో ఉంది.

కంటిపాప వెనకాల ఉండే సహజ లెన్స్ తొమ్మిది, పది మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న బిళ్ల. దాని నిండా ప్రొటీన్లే. నడిమి భాగంలోవి మనం పుట్టకముందు తయారైనవి, జీవితాంతం మారవు. వయసుతో అవి ముద్దకట్టి వెలుతురును చెదరగొడతాయి. అదే శుక్లం. ఈ బిళ్ల చుట్టూ ఒక పారదర్శకమైన సంచి, దాన్ని పట్టి ఉంచే సన్నని దారాలు ఉంటాయి. సంచి వెనక గోడ మధ్యలో మందం సుమారు 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే, ఇదెంత పల్చనో ఊహించుకోవచ్చు. అవ్వ చేతికి కూడా అంత పొర వచ్చి ఉండదు.

అవ్వ కాలంలో అతి చల్లటి కడ్డీని శుక్లానికి అంటించి, సంచితో సహా బయటికి లాగేసేవారు. ఇంకా కొత్త లెన్స్ పెట్టడానికి చోటెక్కడిది?

ఆ చోటును కనిపెట్టినవాడు ఇంగ్లండు కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచ యుద్ధంలో పగిలిన విమానాల అద్దాల ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో దిగబడ్డాయి. అది అద్దం కాదు, పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్. ఏళ్లు గడిచినా కన్ను దాన్ని శత్రువులా చూడలేదని ఆయన గమనించాడు. 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో, సంచి వెనక గోడను ఉంచి, ఆ ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్‌ను మొదటిసారి వాడాడు. తోటి వైద్యులు చాలాకాలం ఆయన్ను తప్పుపట్టారు. పైగా మొదటి రోగికి పవర్ లెక్క తప్పింది. దూరపు చూపు ఆనలేదు.

ఆ లెక్క ఇప్పుడు ఎవరైనా కాగితం మీద వేయగలిగినంత తేలిక. 1980లో వచ్చిన సూత్రం ప్రకారం అమ్మ కంటికి నేనూ వేసి చూశాను. కంటి పొడవు 23.5 మిల్లీమీటర్లు, కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) పవర్ 43.5. లెన్స్ రకానికి చెందిన 118.4 అనే అంకెలోంచి పొడవుకు రెండున్నర రెట్లు (58.75), కార్నియా పవర్‌లో పదింట తొమ్మిది వంతులు (39.15) తీసేస్తే లెన్స్ పవర్ 20.5 వచ్చింది. నేటి యంత్రాలు ఇంతకంటే మంచి సూత్రాలు వాడతాయి. కానీ పొడవు కొలవడంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే రెండున్నర పవర్ తప్పుతుందన్న సంగతి మారలేదు.

టీవీలో మొదట కనిపించింది వజ్రంలా మెరిసే చిన్న కత్తి. కార్నియా అంచున మూడు మిల్లీమీటర్లు కూడా లేని గాటు. కన్ను నీళ్లు నిండిన బుడగ లాంటిది, గాటు పడగానే కుంగిపోవాలి. అలా కుంగకుండా లోపలికి ఒక జెల్లీ ఎక్కించారు. తొలినాళ్లలో ఈ జెల్లీని కోడిపుంజు జుట్టునుంచి తీసేవారట! తర్వాత వచ్చింది అన్నిటికంటే నాజూకైన ఘట్టం. మొన వంచిన మామూలు ఇంజక్షన్ సూదితో సంచి ముందు గోడకు చిన్న చీలిక పెట్టి, పటకారుతో గుండ్రంగా ఒలిచారు. లేత తాటిముంజె మీది పొరను, లోపలి నీరు చిందకుండా ఒలవడం తెలిసినవారికి ఆ ఒడుపు అర్థమవుతుంది. అయిదు మిల్లీమీటర్ల కిటికీ ఏర్పడాలి. చీలిక పక్కకు పరుగెత్తితే సంచి పోయినట్టే. శుక్లం తెల్లగా ముదిరిపోయి పొర కనిపించకపోతే నీలిరంగు అద్దుతారు.

లోపలి బిళ్లను నలగ్గొట్టే సూది సెకనుకు దాదాపు నలభైవేల సార్లు కంపిస్తుంది. 1967లో ఈ పద్ధతిని తెచ్చిన అమెరికా కంటి డాక్టరు చార్లెస్ కెల్మన్‌కు ఈ ఆలోచన పళ్లు శుభ్రంచేసే యంత్రం దగ్గర తట్టింది. కనిగిరి, ఉదయగిరి వైపు మెట్టపల్లెల నుంచి బాగా ముదిరాక వచ్చేవారికి మాత్రం ఆరేడు మిల్లీమీటర్ల ఏటవాలు సొరంగం చేసి బిళ్లను ముక్కలు చేయకుండానే తీయడం మేలు కావచ్చు. కుట్లు అక్కర్లేదు, యంత్రమూ అక్కర్లేదు. దీన్ని పేదవాళ్ల ఆపరేషన్ అని చులకన చేయడం నాకు నచ్చదు. చేయి తిరిగిన డాక్టరు చేస్తే చూపులో పెద్దగా తేడా రాదు. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వారు ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టాకే వాటి ధర మన పల్లెలకు అందుబాటులోకి దిగింది.

చివరికి లెన్స్. ఆరు మిల్లీమీటర్ల బిళ్ల తమలపాకు చిలకలా చుట్టుకుని గొట్టంలోంచి జారింది. సంచిలో మెల్లగా విప్పుకుంది. రెండు వంపు చేతులు అటూ ఇటూ చాచి గోడలకు ఆనుకుంది. "అయిపోయిందమ్మా, పైకి చూడు" అన్న డాక్టరు గొంతు వినిపించింది.

ఎనిమిది నెలల తర్వాత అమ్మకు మళ్లీ మసక మొదలైంది. శుక్లం తిరిగి రాలేదు. సంచిలో మిగిలిన కణాలు వెనక గోడ మీద పాకి దాన్ని మొద్దుబార్చాయి. లేజర్‌తో, నొప్పి లేకుండా, కొద్ది నిమిషాల్లో ఆ గోడ మధ్యలో చిల్లు పెట్టారు.

"అంత భద్రంగా కాపాడిన దానికి మీరే చిల్లు పెట్టారేమిటి డాక్టరుగారూ?" అని అమ్మ అడిగింది. ఆయన నవ్వారు. లెన్స్ నిలబడటానికి సంచి అంచులు చాలునమ్మా, నడిమి భాగం వెలుతురుకు దారి, అక్కడ తెర ఉండకూడదు అన్నారు.