బుల్గాకోవ్ గురించి అందరూ అనే మాటలు: అపోహలు - వాస్తవాలు

రష్యన్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. విశాలాంధ్రలో మాస్కో పుస్తకాలు కొనుక్కుని పెరిగినవాళ్లు ఎక్కడ కలిసినా, సోవియట్ కాలపు రష్యన్ రచయిత మిఖాయిల్ బుల్గాకోవ్ పేరెత్తగానే ఇవే మాటలు.

అపోహ: సెన్సార్ అంటే జైలు, సైబీరియా.

ఆయన్ని జైల్లో పెట్టలేదండీ. 1926లో పోలీసులు ఇల్లు సోదా చేసి డైరీనీ, ఆయన నవలిక ‘కుక్క గుండె’ రాతప్రతినీ పట్టుకెళ్లారు. 1929కల్లా నాటకాలన్నీ ఆపేశారు, అంతే. తన మీద పత్రికల్లో వచ్చినవన్నీ కత్తిరించి దాచుకునేవాడు, లెక్క చూస్తే 301, మెచ్చుకున్నవి 3.

అపోహ: స్టాలిన్ కాపాడాడు.

సగం నిజం. పనైనా ఇవ్వండి, లేదా దేశం దాటనివ్వండి అని 1930 మార్చి 28న ప్రభుత్వానికి ఉత్తరం రాశాడు. ఏప్రిల్ 14న కవి మయకోవ్‌స్కీ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు, 18న బుల్గాకోవ్ ఇంట్లో ఫోన్ మోగింది, అవతల స్టాలిన్! ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి, ఇంకో రచయిత చావు వద్దనుకున్నాడేమో అనిపిస్తుంది. దేశం వదిలి వెళ్తారా అని అడిగితే, రష్యన్ రచయిత మాతృభూమికి దూరంగా బతకలేడేమో అన్నాడు. మాస్కో ఆర్ట్ థియేటర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ ఉద్యోగం వచ్చింది. జీతం వచ్చింది గానీ అచ్చు రాలేదు. ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ మీద రాసిన నాటకాన్ని ఏళ్ల తరబడి రిహార్సల్స్ చేయించి 1936లో ఆడించారు, పార్టీ పత్రిక ప్రావ్దాలో ఒక వ్యాసం పడగానే ఏడు ప్రదర్శనలతో సరి. ప్రాణం నిలిచింది, కాదనను.

అపోహ: రాతప్రతులు కాలవు. (ఆయన నవలలో ఒక పాత్ర అన్నదాన్ని పట్టుకుని అంటారు.)

శుభ్రంగా కాలతాయి. ఆ నవల ‘మాస్టర్, మార్గరీటా’ తొలి ప్రతిని 1930లో తనే పొయ్యిలో వేశాడు, తర్వాత మళ్లీ మొదటి నుంచి రాసుకొచ్చాడు. డైరీని పోలీసులు కొన్నేళ్లకు తిరిగిచ్చారు, దాన్నీ కాల్చేశాడు. మరి ఇవాళ ఆ డైరీ మన చేతికెలా వచ్చింది? ఇచ్చేముందు వాళ్లు కాపీ తీసి ఫైల్లో పెట్టుకున్నారు కాబట్టి. ఈ సంగతి చెప్తే అందరూ నవ్వుతారు, నాకు మాత్రం నవ్వు రాదు.

అపోహ: స్టాలిన్ పోయాక అంతా అచ్చయిపోయింది.

బుల్గాకోవ్ 1940 మార్చి 10న కిడ్నీ జబ్బుతో పోయాడు. చూపు తగ్గిపోతే ‘మాస్టర్, మార్గరీటా’ చివరి దిద్దుబాట్లు భార్య ఎలేనా సెర్గేయెవ్నాకి చెప్పి రాయించాడు. నవల ‘మాస్క్వా’ పత్రికలో రావడం మొదలైంది 1966 నవంబరులో, అదీ కోతలతో. ఆ కోసేసిన ముక్కల్ని జనం టైపు చేసుకుని చేతులు మార్చుకున్నారు. దేశంలో పూర్తి పాఠం 1973లో, ‘కుక్క గుండె’ అయితే 1987లో.

అందుకే పాత అనువాదం దొరికితే అది ఏ పాఠం నుంచి చేసిందో ముందు చూసుకోండి. 1967 నాటి మిర్రా గిన్స్‌బర్గ్ ఇంగ్లీషు అనువాదం ఆ కోతల పాఠం నుంచి చేసిందే.