మత్తు సూదికి ముందు కుక్క మనసు కుదుటపడాలి

చిన్నారులకు,

కుక్కకు కుట్లు వేయాలన్నా, కదలకుండా ఎక్స్‌రే తీయాలన్నా డాక్టరు మత్తు సూది వేస్తారు. అదే మందు, బరువుకు తగ్గ మోతాదే. అయినా ఒక కుక్క కాసేపటికే తల వాల్చేస్తుంది, ఇంకొకటి వణుకుతూ చూస్తూనే ఉంటుంది. మందు మంచిది కాదేమో అనుకుంటారు చాలామంది. చాలాసార్లు అడ్డుపడేది భయం.

భయం వేయగానే మూత్రపిండాల పక్కనే ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. నరాల కొసల నుంచి దానిలాంటిదే నోర్‌అడ్రినలిన్ వస్తుంది. కొన్ని నిమిషాల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కూడా పెరుగుతుంది. డెక్స్‌మెడెటోమిడిన్ అనే మత్తుమందు పనిచేసేదేమో మెదడులో నోర్‌అడ్రినలిన్ విడుదలను తగ్గించడం ద్వారా. ఒళ్లంతా అప్పటికే ఉద్రేకంతో నిండిపోయి ఉంటే దాని పట్టు సడలుతుంది. అందుకే సూది వేశాక 10–15 నిమిషాలు కుక్కను సందడి లేని చోట వదిలేయమంటారు. ఆ కాస్సేపూ పేరు పెట్టి పిలవకండి, నిమరకండి. ప్రేమకొద్దీ చేసినా దానికి మెలకువే తెప్పిస్తారు. ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం: మత్తులో ఉన్నట్టు కనిపించే కుక్క కూడా ఉలిక్కిపడి కరవగలదు. ముఖం దగ్గర ముఖం పెట్టకండి.

ఏస్‌ప్రోమజిన్ అనే మందు దారి వేరు. అది మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. ఒళ్లు మందగిస్తుంది గానీ లోపలి భయం పోదు. కదలకుండా పడుకుంది కదా, హాయిగా ఉందనుకోవడం ఆ మూగజీవికి అన్యాయం. ప్రొలాక్టిన్ అనే హార్మోనును అదుపులో ఉంచేది కూడా డోపమైనే కాబట్టి, ఈ మందుతో ప్రొలాక్టిన్ పెరుగుతుంది.

మందులు హార్మోన్ల లెక్కను ఇలా మార్చేస్తాయి కనుకనే రక్తపరీక్షలు ఒక్కోసారి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. డెక్స్‌మెడెటోమిడిన్ ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్, దురదకు వాడే స్టెరాయిడ్లు థైరాయిడ్ హార్మోను అంకెను కిందికి లాగుతాయి. ఆ సంగతి తెలియకపోతే లేని థైరాయిడ్ జబ్బుకు మందు మొదలవుతుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటే కొన్ని పరీక్షలు దాన్నే కార్టిసాల్‌గా లెక్కగడతాయి. చెవిలో వేసే చుక్కల్లో, చర్మానికి రాసే మందుల్లో కూడా స్టెరాయిడ్ ఉండొచ్చు. ఏ మందు, ఎంత, చివరిసారి ఎప్పుడు వేశారో కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. పరీక్ష ఉందని మీ అంతట మీరు మందు ఆపకండి. ఫినోబార్బిటాల్ హఠాత్తుగా ఆపితే మూర్ఛలు తిరగబెడతాయి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ ఆపితే కార్టిసాల్ అందక కుక్క కుప్పకూలవచ్చు.

కార్టిసాల్ పరీక్షకు ఇంటి దగ్గరే పొద్దున్నే మూత్రం పట్టి తెమ్మని డాక్టరు చెబితే విసుక్కోకండి. ఆసుపత్రి దాకా వచ్చిన కంగారుకే ఆ అంకె పెరిగిపోతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య