ఎర ముక్కిపోయిన ఎలుకబోను

"తొంభై ఏళ్ల మా తాతగారు ఇప్పటికీ సిగరెట్ కాలుస్తారు, దగ్గు కూడా రాదు. మా మామయ్యకు మాత్రం నలభై రెండేళ్లకే మెట్లెక్కితే ఆయాసం. ఇది తలరాత కాదా?" అని ఒక పాఠకుడు అడిగారు.

రాత మాట నిజమే. అందులో ఒక ముక్క 14వ క్రోమోజోము మీద ఉంది, పరీక్ష చేసి చదవొచ్చు కూడా.

పొగ తగలగానే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తుల్లో గుమికూడతాయి. వాటిలో ఎలాస్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. సూక్ష్మజీవుల్ని చంపడానికి పనికొచ్చే ఆ ఎంజైమే అదుపు తప్పితే గాలిగదుల గోడల్లోని సాగే పోగుల్ని ఎలుకలా కొరికేస్తుంది. చిన్న గదులు కలిసిపోయి పెద్ద డొల్లలవుతాయి. అదే ఎంఫిసిమా.

ఈ ఎలుకకు బోను ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్. 14వ క్రోమోజోము మీద ఉందన్న ఆ ముక్క దీని జన్యువే. ఈ ప్రోటీన్ కాలేయంలో తయారై రక్తంలో వస్తుంది. నాకు ఈ అణువంటే ఎంత ఇష్టమో చెప్పలేను! దాని మీద ఒక మెలిక బయటికి పొడుచుకుని ఉంటుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ; అందులో 358వ స్థానంలో ఉన్న మెథియోనిన్ అనే అమైనో ఆమ్లమే ఎర. ఎలాస్టేజ్ అక్కడ కొరకగానే తెగిన మెలిక స్ప్రింగులా లోపలికి దూసుకుపోతూ, ఎంజైమును అణువు అవతలి కొసకు, దాదాపు 7 నానోమీటర్లు ఈడ్చుకెళ్లి నలిపేస్తుంది. బోను కూడా అక్కడితో సరి, మళ్లీ పనికిరాదు. ఎర మారితే ఏమవుతుందో 1983లో వెలువడిన ఒక బాలుడి ఉదంతం చెబుతుంది. అతనిలో మెథియోనిన్ స్థానంలో ఆర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంది. దాంతో బోను ఎలాస్టేజ్‌ను వదిలేసి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన థ్రాంబిన్‌ను పట్టసాగింది. ఆ బాలుడు రక్తస్రావంతో చనిపోయాడు.

మరి పొగ చేసేదేమిటి? సరిగ్గా ఆ ఎరకే ఆక్సిజన్‌ను తగిలిస్తుంది. నిలవున్న నూనె ముక్కిపోయేదీ ఆక్సిజన్ వల్లే. ఎర చెడితే బోను ఎలాస్టేజ్‌ను పట్టే వేగం సుమారు 2000 రెట్లు పడిపోతుంది.

కొందరికి పుట్టుకతోనే బోన్లు తక్కువ. 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే పరిశోధకులు, రక్తంలోని ప్రోటీన్లను గీతలుగా విడదీసి చూపే పరీక్ష పట్టీల్లో ఆల్ఫా-1 గీత కనిపించని మనుషుల్ని గుర్తించారు. ఆ దండలో 342వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు లైసిన్ పడితే దాన్ని జెడ్ రకం అంటారు. ఆ అణువులు ఒకదాని మెలిక ఇంకొకదానిలో ఇరుక్కుని, గొలుసులై కాలేయంలోనే ఉండిపోతాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ జెడ్ వచ్చినవారి రక్తంలో బోన్లు మామూలులో 10-15 శాతమే. వాళ్లు పొగ తాగితే ఉన్న ఆ కొద్దిపాటి బోన్లలోనూ ఎర చెడుతుంది.

అయితే పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారిలో ఇలాంటివారు కొద్దిమందే. మిగతావారిలో వందలాది జన్యుస్థానాలు తలా కాస్త చేయి వేస్తాయి. 15వ క్రోమోజోము మీద నికోటిన్ గ్రాహకపు (నికోటిన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్) జన్యువులో ఒక మార్పు అయితే రోజుకు కాల్చే సిగరెట్ల సంఖ్యనే పెంచుతుంది.

తాతగారి ఊపిరితిత్తుల్ని ఏ జన్యువులు కాచాయో ఒక్క మాటలో తేల్చలేం. మామయ్యగారికి మాత్రం సిగరెట్ మాన్పించి, ఆల్ఫా-1 రక్తపరీక్ష ఒకసారి చేయించండి. అందులో తక్కువని తేలితే ఆయన తోబుట్టువులకు కూడా చేయించాలి.