డిసేబుల్ దగ్గరే ఆగిపోయిన హక్కు

ముమ్మిడివరం దగ్గర ఉండే మా మేనత్త ఫోనులో ఆమధ్య ‘స్టోరేజ్ ఫుల్’ అని వచ్చింది. కువైట్‌లో ఉన్న కొడుకు పంపే వీడియోలు దిగడం లేదు. “ఒరేయ్ అబ్బాయ్, ఏం తీసెయ్యాలో చూడరా” అని ఫోను నా చేతికిచ్చేసరికే మనవరాలి అన్నప్రాసన ఫొటోలు సగం చెరిపేసుకుంది. చూస్తే, ఆవిడ ఒక్కసారి కూడా తెరవని గేములు రెండు, షాపింగ్ యాప్ ఒకటి, వార్తల యాప్ ఒకటి, బ్రౌజర్లు మూడు ఉన్నాయి. గేములు నొక్కితే పోయాయి. వార్తల యాప్ దగ్గర ‘అన్‌ఇన్‌స్టాల్’ అన్న మాటే లేదు, ‘డిసేబుల్’ అని ఉంది. ఒక బ్రౌజర్‌కి అదీ లేదు.

సొంత ఫొటోలు చెరుపుకోవచ్చు గానీ అడగకుండా వచ్చిన యాప్‌ను తీసెయ్యకూడదట. ఈ పద్ధతి ఫోన్లతో పుట్టింది కాదు. విండోస్‌తో పాటే తన బ్రౌజర్‌ను అంటగడుతోందని 1998లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం కేసు వేసింది. మీడియా ప్లేయర్‌ను అలాగే కలిపి ఇవ్వడం ఒక కారణంగా 2004లో యూరోపియన్ కమిషన్ 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. ముందే పెట్టి ఇచ్చినదాన్ని చాలామంది మార్చుకోరు. ఈ సంగతి కంపెనీలకు అప్పుడే తెలుసు.

2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు బజారులోకి వచ్చాయి. ఆండ్రాయిడ్‌ను ఫోను కంపెనీలు ఉచితంగా వాడుకోవచ్చు. ప్లే స్టోర్ కావాలంటే మాత్రం గూగుల్‌తో ఒప్పందం చేసుకోవాలి, మన దేశంలో 2023 దాకా ఆ ఒప్పందంతో గూగుల్ యాప్‌లు కట్టగా వచ్చిపడేవి. వాటి మీద ఫోను కంపెనీ సొంత యాప్‌లు, ఆపైన డబ్బిచ్చి చోటు కొనుక్కున్న వాళ్ల యాప్‌లు. చవక ఫోనులో లాభం తక్కువ, ఆ లోటు ఇక్కడ పూడ్చుకుంటారు. హార్డ్‌వేర్ మీద 5 శాతానికి మించి నికర లాభం తీసుకోబోమని షావోమీ 2018లో ప్రకటించింది. మిగతాది ఇంటర్నెట్ సేవల మీద సంపాదించుకోవాలన్నది వాళ్ల లెక్క. ఇదేమీ రహస్యం కాదు. అయితే ఫోను కొనేటప్పుడు ఈ లెక్క మనకెవరూ చెప్పరు.

గోదావరి డెల్టాలో మామూలు మనిషి చేతికి స్మార్ట్‌ఫోను బాగా వచ్చింది 2016 సెప్టెంబరులో జియో మొదలయ్యాకే. రొయ్యల కౌంటు రేట్లు పొద్దున్నే వాట్సాప్‌లో చూసుకోవడం, గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో వీడియో కాల్ మాట్లాడటం అప్పుడే అలవాటయ్యాయి. అమలాపురంలోనైనా భీమవరంలోనైనా షాపులో కుర్రాడే సిమ్ వేసి, నెక్స్ట్, నెక్స్ట్, అగ్రీ అని నొక్కేసి ఫోను చేతిలో పెడతాడు. సంతకం పెట్టాల్సింది కొన్నవాళ్లు, పెట్టేది షాపు కుర్రాడు.

చెరువులున్న రైతులు రాత్రి ఫోను సౌండు ఆపి పడుకోలేరు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే తెల్లారేసరికి పంట పోతుంది. అలాంటి మనిషిని రాత్రి రెండింటికి ‘మీ కోసం ప్రత్యేక ఆఫర్’ అని తను పెట్టుకోని యాప్ లేపితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మా మావయ్యను చూశాను. బోలెడు యాప్‌లలో ఒకటే కదా అని నేను సర్దిచెప్పలేకపోయాను.

డిసేబుల్ అంటే ఏంటో కూడా చెప్పాలి. సిస్టమ్ యాప్ అసలు కాపీ ఫోనులో మనం మార్చలేని భాగంలో ఉంటుంది. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చిన డిసేబుల్, యాప్‌ను నిద్రపుచ్చి కంటికి కనపడకుండా చేస్తుందంతే, కాపీ అక్కడే ఉంటుంది. అప్‌డేట్లు మాత్రం మన ఫొటోలుండే జాగాలోనే వచ్చి కూర్చుంటాయి. అత్త ఫోనులో వార్తల యాప్ అప్‌డేట్లు తీసి, డిసేబుల్ చేశాక వీడియోలు దిగడం మొదలుపెట్టాయి. ఇంజినీరింగ్ పిల్లలు ఫోనును కంప్యూటర్‌కి కలిపి, ఏడీబీ అనే టూల్‌లో కమాండ్ కొట్టి మరికొన్ని తీస్తారు. అలా తీసినా అసలు కాపీ పోదు, రీసెట్ కొడితే మళ్లీ వస్తుంది.

అక్కర్లేని యాప్‌ను తీసెయ్యనివ్వాలన్న మాట మన దేశంలో స్పష్టంగా రాసింది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్. ఫోను ప్రాథమిక పనులకు అవసరం లేని యాప్‌లను వాడేవాళ్లు తొలగించుకునే ఏర్పాటు తప్పనిసరి చేయాలని 2018 జులైలో సిఫార్సు చేసింది. సిఫార్సు సిఫార్సుగానే ఉండిపోయింది. 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేస్తూ, ముందే పెట్టిన తన యాప్‌లను తీసెయ్యకుండా అడ్డుకోవద్దని కూడా చెప్పింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రైబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, అన్‌ఇన్‌స్టాల్ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. డబ్బు సంగతి ప్రభుత్వానికి, కంపెనీకి మధ్యది. మనకు నేరుగా ఉపయోగపడేది ఆ ఒక్క ఆదేశమే, అదే పోయింది. యూరప్‌లో మాత్రం డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద 2024 మార్చి నుంచి గూగుల్, యాపిల్ లాంటి కంపెనీలు ముందే పెట్టిన యాప్‌లను తేలిగ్గా తీసెయ్యనివ్వాలి.

ఆ తర్వాత ఈ దారిలోకి ప్రభుత్వమే వచ్చింది. కొత్త ఫోన్లన్నిటిలో 90 రోజుల్లో సంచార్ సాథీ యాప్ పెట్టాలని, దాని పనులను ఆపే వీలు ఉండకూడదని 2025 నవంబరు 28న టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. యాప్ పనికొచ్చేదే, పోయిన ఫోనును బ్లాక్ చేయించుకోవచ్చు. నేనూ పెట్టుకున్నాను. నచ్చి పెట్టుకోవడం వేరు, తీసే వీలు లేకుండా పెట్టడం వేరు. దేశమంతా గొడవయ్యాక డిసెంబరు 3న ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు.

జనం గట్టిగా అడిగితే ఐదు రోజుల్లో వెనక్కి పోయిన ఆదేశం అది. ట్రాయ్ 2018లో రాసిన వాక్యం కోసం కూడా అంతే గట్టిగా అడగాలి. అత్త ఫోనులో వార్తల యాప్ ఇప్పటికీ డిసేబుల్‌లోనే ఉంది. చెరిపేసిన అన్నప్రాసన ఫొటోలను కువైట్ నుంచి మళ్లీ ఒక్కొక్కటీ తెప్పించుకుంటోంది.