గొర్రె చచ్చింది, రోగం చావలేదు

అనంతపురం జిల్లాలో తొలకరి పడి, బీళ్లలో పచ్చిక పొడుచుకొచ్చే రోజుల్లో మందల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది. "రాత్రి బాగానే ఉండె, తెల్లారేసరికి కాళ్లు చాపింది." జ్వరం తెలియలేదు, దగ్గు లేదు, మేత మానిందీ లేదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు జీవాలు పెంచే ఏ కాపరిని కదిలించినా ఇలాంటి చావు ఒకటైనా చెబుతాడు.

అప్పుడు దాని చుట్టూ నిలబడి మాట్లాడుకునేది రోగం గురించి కాదు, డబ్బు గురించి. పెద్ద గొర్రె అంటే వేలల్లో మాట. "ఇంకా వెచ్చగానే ఉండాది, కోసెయ్ అబ్బీ. బాగా ఉడకబెడితే ఏమైతాదిలే" అని ఎవరో ఒకరు అంటారు. కత్తి వస్తుంది. మాంసం పోగులేసి తక్కువ ధరకు పంచుకుంటారు. తోలు ఒకరు తీసుకుంటారు, పేగులు కుక్కల పాలవుతాయి, కడిగిన నీళ్లు వంకలో కలుస్తాయి.

ఆ చావు చిటుకు రోగంతో వచ్చి ఉండొచ్చు. లేత పచ్చిక ఒక్కసారిగా దండిగా మేస్తే, మామూలుగా పేగుల్లో అణిగి ఉండే క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి విషం వదులుతుంది, జీవం గంటల్లో పోతుంది. కానీ అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కూడా కావచ్చు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా కత్తి దిగాక మొదలవుతుంది.

ఆంత్రాక్స్ సోకిన గొర్రె చచ్చేసరికి దాని నెత్తురు ఒక్క మిల్లీలీటరులో కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. సన్నటి కడ్డీల్లా ఉండే ఈ బ్యాక్టీరియా ఆ రూపంలో చాలా బలహీనం. చర్మం చీలకుండా కళేబరాన్ని అలాగే వదిలేస్తే లోపల ఆక్సిజన్ అందదు. కుళ్లబెట్టే ఇతర సూక్ష్మజీవులు విజృంభించి కొద్ది రోజుల్లోనే వీటిలో చాలావాటిని చంపేస్తాయి. పొట్ట కోశామా, కథ తిరగబడుతుంది. గాలి తగిలిన కడ్డీలు కొన్ని గంటల్లోనే స్పోర్లుగా మారతాయి. స్పోరు విత్తనం లాంటిది. తిండి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, ఎండకు మాడదు, మామూలు ఫినాయిలుకు లొంగదు. మట్టిలో పదుల ఏళ్లు అలా పడి ఉంటుంది.

ఎంత కాలం ఉంటుందో చూపడానికి స్కాట్లండ్ తీరంలోని గ్రూనార్డ్ దీవి ఉంది. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో, 1942లో, బ్రిటన్ సైన్యం అక్కడ గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆ దీవి మీద మనుషులు అడుగు పెట్టడం నిషేధం. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీళ్లతో నేలంతా తడిపి శుభ్రం చేస్తేగాని, 1990లో అది సురక్షితమని ప్రకటించలేకపోయారు. వంక పక్కన గొర్రెను కోసి నెత్తురు పారబోయడమంటే అదే పని చిన్న ఎత్తున చేయడం. మన వంకను శుభ్రం చేయడానికి సైన్యం రాదు, అంతే తేడా.

ఈ స్పోర్ల సంగతి బయటపెట్టినవాడు పెద్ద ప్రయోగశాలలో కూర్చున్న శాస్త్రవేత్త కాదు. రాబర్ట్ కోచ్ అప్పటికి జర్మనీలో ఒక చిన్న ఊరి ప్రభుత్వ డాక్టరు. రోగులను చూసుకుంటూనే, చచ్చిన గొర్రెల నెత్తురు ఎలుకలకు ఎక్కించి, ఆ బ్యాక్టీరియాను ఎద్దు కంటి లోపలి ద్రవంలో పెంచి, అది స్పోరుగా మారడం, స్పోరు మళ్లీ కడ్డీగా మారడం మైక్రోస్కోపు కింద చూశాడు. 1876లో ఆ వివరాలు అచ్చువేశాడు. ఒక ఫలానా సూక్ష్మజీవే ఒక ఫలానా రోగానికి కారణమని గట్టిగా నిరూపించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. అది గొర్రెల రోగం నుంచి వచ్చిందని మన పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పవు.

ఫ్రాన్సులో ఆ రోజుల్లో కొన్ని పొలాలకు శాపం ఉందనేవారు. అక్కడ మేసిన మందలు ఏటా చచ్చేవి. లూయీ పాశ్చర్ వెళ్లి చూస్తే ఎప్పుడో రోగంతో పోయిన పశువులను పాతిపెట్టిన చోట్లవి. పైపైన పాతిన కళేబరాల నుంచి వానపాములు స్పోర్లను మట్టితో పాటు పైకి తెస్తున్నాయని ఆయన అన్నాడు. 1881లో పుయీ-లె-ఫోర్ అనే ఊళ్లో జనం ముందే పరీక్ష పెట్టాడు. కొన్ని గొర్రెలకు టీకా వేసి, కొన్నిటికి వేయకుండా, అన్నిటికీ ఆంత్రాక్స్ ఎక్కించాడు. జూన్ 2న జనం వచ్చి చూసేసరికి టీకా వేసిన గొర్రెలు మేస్తున్నాయి, వేయనివి చచ్చాయి, లేదా చావబోతున్నాయి.

మన దగ్గర ఈ రోగం ఎండాకాలం చివర, తొలి వానలప్పుడు ఎక్కువగా కనబడడానికి కారణాలున్నాయి. ఎండల్లో గడ్డి మొదళ్లే మిగులుతాయి. జీవాలు మూతి నేలకు ఆనించి, మట్టితో సహా కొరుకుతాయి. ఎండు పుల్లలు నోట్లో గీసుకుంటాయి. వాన పడగానే పై నుంచి కొట్టుకొచ్చిన స్పోర్లు కుంటల అంచుల్లో, పల్లపు చోట్ల చేరతాయి. సరిగ్గా అక్కడే ముందుగా పచ్చిక మొలుస్తుంది. కర్నూలు నల్లరేగడి నేలల్లా సున్నపు గుణం, క్షారగుణం ఉన్న మట్టి స్పోర్లకు బాగా నప్పుతుంది. ఫలానా కుంట పక్కన మేపొద్దని ఊళ్లో పెద్దాయన ఎవరైనా చెబితే దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదు.

మరి తెల్లారేసరికి గొర్రె చచ్చి ఉంటే ఏం చేయాలి? ముందు కొన్ని గుర్తులు చూడాలి. ముక్కు, నోరు, వెనక భాగం నుంచి నల్లగా, గడ్డకట్టని నెత్తురు కారుతోందా? పొట్ట తొందరగా ఉబ్బిందా? చచ్చి గంటలైనా కాళ్లు బిగుసుకోలేదా? గొర్రెల్లో ఇవన్నీ ప్రతిసారీ కనబడవు. కాబట్టి కారణం తెలియని హఠాత్తు చావు ఏదైనా అనుమానించాల్సిందే. పశువుల డాక్టరు వచ్చి చెవి నరం నుంచి ఒక్క చుక్క నెత్తురు గాజుపలక మీద తీసి, మిథిలీన్ బ్లూ రంగు వేసి చూస్తాడు. ఆంత్రాక్స్ అయితే నీలి కడ్డీల చుట్టూ లేత గులాబీ రంగు పొర కనిపిస్తుంది. ఇంత చిన్న పరీక్షకు పొట్ట కోయనక్కర్లేదు. ఆయన వచ్చేలోపు కళేబరానికి కుక్కలు, కాకులు రాకుండా చూసుకోవాలి. ఫోన్ చేయాల్సిన నంబరు 1962.

ఆంత్రాక్స్ అని తేలితే మంచిపని కాల్చేయడమే, కానీ అనంతపురంలో అన్ని కట్టెలు దొరకడం కష్టం. అందుకని చచ్చిన చోటే, ఈడ్చుకుపోకుండా, కనీసం ఆరడుగుల లోతున పాతిపెడతారు. నెత్తురు పడిన మట్టిని కూడా గీకి అదే గుంటలో వేయాలి. గుంటలో సున్నం చల్లమని మన దగ్గర అలవాటుగా చెబుతారు. ఈ రోగం మీద పనిచేసే నిపుణులు మాత్రం ఇప్పుడు సున్నం వద్దంటున్నారు. స్పోరు గట్టిదనానికి అందులోని కాల్షియం ఒక కారణం, ఆ కాల్షియాన్నే మనం బస్తాలకొద్దీ పోస్తున్నాం కదా అని వారి వాదన. నాకు ఆ వాదన సబబుగానే అనిపిస్తుంది. లోతు తగ్గించి సున్నం పెంచడం కంటే లోతుగా తవ్వడం మేలు.

మిగిలిన మందకు టీకా ఉంది. 1937లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన బలహీన రకమే ఇప్పటికీ వాడుతున్నారు. రోగం వచ్చిన ప్రాంతాల్లో ఏడాదికోసారి, సీజనుకు నెల ముందే వేయించాలి. ఒక్క జాగ్రత్త ఉంది. ఇది బతికున్న స్పోర్లతో చేసిన టీకా. దానితో పాటే యాంటీబయాటిక్ సూది పొడిపిస్తే మందు టీకానే చంపేస్తుంది. టెన్షన్లో రెండూ ఒకేసారి వేయించేవాళ్లున్నారు.

ఇక "బాగా ఉడకబెడితే ఏమైతాదిలే" అన్న మాట. ఉడికిన ముక్క సంగతి తర్వాత, ముక్క చేసినవాడి చేతుల సంగతేమిటి? మనుషులకు వచ్చే ఆంత్రాక్స్‌లో నూటికి తొంభై అయిదుకు పైగా చర్మం ద్వారా వచ్చేదే. తోలు వలిచినప్పుడు, మాంసం కొట్టినప్పుడు వేలి మీది చిన్న గాటు చాలు. కొన్ని రోజులకు దోమ కుట్టినట్టు దురదపెట్టే బుడిపె లేస్తుంది. అది పొక్కుగా మారి, పగిలి, నడుమ గుంటపడి బొగ్గులా నల్లబడుతుంది. చుట్టూ బాగా వాస్తుంది, కానీ నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టే ఆస్పత్రికి పోరు. మందు వేయకపోతే ఇందులో నూటికి ఇరవై మంది దాకా చనిపోవచ్చు. సమయానికి సిప్రోఫ్లాక్ససిన్, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందులు పడితే దాదాపు అందరూ బతుకుతారు. సరిగా ఉడకని మాంసంతో పేగులకు వచ్చే ఆంత్రాక్స్ ఇంతకంటే చాలా ప్రమాదకరం. మన పక్కనే, చిత్తూరు జిల్లా ముసలిమడుగులో 2011లో జనానికి ఇలా చర్మపు ఆంత్రాక్స్ వచ్చింది.

కాపరికి ఇదంతా చెప్పి "కోయొద్దు" అంటే సరిపోతుందా? వేలు పోగొట్టుకుంటూ, ఆరడుగుల గుంట తవ్వే కూలి కూడా తనే పెట్టుకోమంటే ఎవరు వింటారు? బీమా ఉంటే వింటారు. ఆ బీమాలో ఒక మెలిక ఉంది. క్లెయిముకు చెవి ట్యాగుతో పాటు మామూలుగా పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు. ఆంత్రాక్స్ అనుమానం ఉన్న కళేబరానికి పోస్టుమార్టం చేయకూడదన్నది పశువైద్యంలో మొదటి పాఠం. చెవి నరం నుంచి తీసిన నెత్తురు పరీక్ష రిపోర్టునే రుజువుగా తీసుకుంటామని క్లెయిము ఫారంలో స్పష్టంగా రాసి ఉంటే చాలా కత్తులు ఆగుతాయని నా నమ్మకం.

ఆంత్రాక్స్‌ను లోకంలో లేకుండా చేయలేం. అది మట్టిలో కాపురముంటుంది, మట్టికి టీకా వేయలేం. గొర్రెలకు, మేకలకు వచ్చే పారుడు రోగం, అంటే పీపీఆర్, అలా కాదు. దాని వైరస్ మట్టిలో నిలవదు, దోమలూ ఈగలూ మోసేది కాదు, కోలుకున్న జీవంలో దాక్కోదు. జీవం నుంచి జీవానికి పాకితేనే బతుకుతుంది. 1942లో ఐవరీ కోస్టులో మొదట గుర్తించారు, మన దేశంలో 1987లో తమిళనాడులో తేల్చారు. ముక్కు కారి, నోరు పూసి, పారుకుని చిన్న పిల్లలు ముందు పోతాయి. మనుషులకు సోకదు.

దీని అన్న లాంటి రోగం ఒకప్పుడు ఎడ్లను, ఆవులను ఊళ్లకు ఊళ్లు ఊడ్చేసేది, రిండర్‌పెస్ట్. టీకాలతో దాన్ని ప్రపంచం నుంచే తుడిచిపెట్టి 2011లో ప్రకటించారు. మన దేశంలో చివరిసారి కనబడింది 1995లో. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రోగం అదొక్కటే. పీపీఆర్‌ను 2030కల్లా అలాగే చేయాలన్నది లక్ష్యం. టీకా మన దేశంలో తయారయ్యేదే, ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. అయినా ఎందుకు పోవడం లేదంటే, ఎడ్లు ఏళ్ల తరబడి ఇంట్లో ఉంటాయి, గొర్రెల మంద అలా కాదు. పాతవి సంతకు పోతాయి, ఈతకు కొత్త పిల్లలు పుడతాయి, మూడు నాలుగేళ్లలో మంద దాదాపు మారిపోతుంది. నిరుడు వేసిన టీకా ఈ ఏడు పుట్టిన పిల్లలకు లేనట్టే. తల్లి పాలతో వచ్చిన రక్షణ మూడు నాలుగు నెలలకు తగ్గాక వాటికి వేయాల్సిందే.

పైగా మన ఎండలు. పొడిగా వచ్చే ఈ టీకాను ద్రావణంలో కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, అంతసేపూ సీసా ఐసులో ఉండాలి. మే నెల అనంతపురంలో, చెట్టు కింద, రెండు వందల జీవాలను ఒక్కొక్కటే పట్టుకుని సూది వేసేవాడి పక్కన ఐసు డబ్బా కరిగిపోయి ఉంటే, చివరి యాభై జీవాలకు ఎక్కింది ఉత్త నీళ్లే. రికార్డులో మాత్రం టీకా వేసినట్టే ఉంటుంది. తెల్లవారుజామున మంద బయలుదేరకముందే వేయించుకోవడం ఇందుకే. సంతలో కొన్న జీవాలను కూడా వెంటనే మందలో కలపకుండా రెండు మూడు వారాలు వేరుగా కట్టేయాలి. సంత ఒక్క రోజే, అది కలిపే మందలు మాత్రం మూడు జిల్లాలవి.

ఇంకో రోగం మట్టిలోనూ కాదు, సంతలోనూ కాదు, ఆరోగ్యంగా కనబడే గొర్రె గర్భంలోనే ఉంటుంది. బ్రూసెల్లోసిస్. పైకి కనబడేది ఒక్కటే, చూలు గొర్రెలు నెలలు నిండకుండా ఈచుకుపోవడం. ఆ పిండంలో, మాయలో బ్యాక్టీరియా దండిగా ఉంటుంది. వట్టి చేతులతో మాయ లాగినవాడికి, పచ్చి మేకపాలు తాగినవాడికి అంటుతుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో దీనికి టీకా వేస్తున్నది నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆవు, గేదె పెయ్యదూడలకు. గొర్రెలు, మేకలు అందులో లేవు. కాబట్టి ఇక్కడ మిగిలింది చేతికి తొడుగు, మాయను కుక్కలకు వేయకుండా పాతిపెట్టడం, పాలు కాచి తాగడం.

మనిషిలో ఇది వస్తూ పోతూ ఉండే జ్వరంగా, రాత్రి చెమటలుగా, నడుము నొప్పిగా వారాల తరబడి సాగుతుంది. టైఫాయిడ్ అనుకుని మందులు మింగుతూ నెలలు గడిపేవాళ్లుంటారు. నయం కావాలంటే రెండు రకాల యాంటీబయాటిక్‌లు కనీసం ఆరు వారాలు వాడాలి. దానికి ముందు ప్రత్యేకంగా రక్తపరీక్ష చేయించాలి. అది రాయాలన్న ఆలోచన డాక్టరుకు రావాలంటే, ఆయన అడగకపోయినా మనమే చెప్పాలి: "సార్, మాకు జీవాలుండాయి. పోయిన నెల రెండు ఈచుకుపోయినాయి, నేనే చేత్తో తీసి పారేసినా."