పెదవాల్తేరు టికెట్

గాజువాకలో మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టే అప్ప ఒకరోజు బండి తియ్యలేదు. పొద్దున్నే ఏడింటికి మా గుమ్మం దగ్గరికొచ్చి, "బాబూ, ఆసుపత్రికి ఓపాలి తోడొస్తావా" అంది. ఏ ఆసుపత్రో చెప్పలేదు. పక్కింటివాళ్ళు అడిగితే కంటి పరీక్షకని చెప్పింది. బస్సులో మూడు మద్దిలపాలెం టికెట్లు తీసుకుంది. అక్కడ దిగి ఆటో మాట్లాడేటప్పుడు గొంతు బాగా తగ్గించి, "పెదవాల్తేరు, మెంటల్ ఆసుపత్రి" అంది. బస్సులో ఆ పేరు నోటివెంట రాకుండా ఉండడానికే ఇంత ఏర్పాటని అప్పుడు నాకు అర్థమైంది.

మూడో టికెట్ వాళ్ళాయనది. తాపీమేస్త్రి. మధ్యలో టీ తాగుదామని ఆగితే ఆయన గ్లాసు ఎత్తలేకపోయాడు. బల్లమీదే ఉంచి, తల వంచి, రెండు గుక్కలు తాగి, గ్లాసు కాస్త ఖాళీ అయ్యాక రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. దారం కట్టి గీసినట్టు గోడ లేపే చేతులవి. ముందురోజు పొద్దుటి నుంచి ఆయన మందు చుక్క ముట్టలేదు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు, ఇక మానేద్దామనుకున్నాడు. రాత్రంతా నిద్ర లేదు. ఒళ్ళంతా చెమటలు. తెల్లవారుజామున గోడమీద ఏవో పాకుతున్నాయని చేత్తో దులపడం మొదలుపెట్టాడు. అప్ప గాలి సోకిందనుకుని దిష్టి తీసింది. ఇది దేనివల్ల వస్తుందో, ఎంత ప్రమాదమో ఆ రాత్రి ఆమెకు చెప్పే మనిషి మా చుట్టుపక్కల ఎవరూ లేరు. నాకూ తెలియదు. తర్వాత డాక్టరు చెప్పగా, చదవగా తెలిసింది రాస్తున్నాను.

మన మెదడులో నరాల కణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ఒకటుంది. ఉత్తేజపరిచే గ్లుటమేట్ ఇంకొకటి. మద్యం మొదటిదాని పని పెంచుతుంది, రెండోదాని పని తగ్గిస్తుంది. తాగినవాడికి బెరుకు పోవడం, మాట ముద్దగా రావడం, నిద్ర ముంచుకురావడం అందువల్లే. ఏళ్ళ తరబడి రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఊరుకోదు. పిల్లలు ఆడే తాడులాగుడు ఆట గుర్తు తెచ్చుకోండి. మందు ఒకవైపు లాగుతుంటే, నిలబడడానికి మెదడు అంతే బలంగా రెండోవైపు లాగుతుంది. గాబాకు స్పందించడం తగ్గించుకుంటుంది, గ్లుటమేట్‌కు స్పందించడం పెంచుకుంటుంది. అలా బిగబట్టి ఉన్నప్పుడు ఒక్కరోజులో మందు ఆపేస్తే, అవతలివాళ్ళు తాడు వదిలేసినట్టే. తన బలానికి తానే వెల్లకిలా పడుతుంది.

ఆ పడడానికి ఒక వరస ఉంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, గుండెదడ, వాంతులు. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్. 48 నుంచి 96 గంటల మధ్య కొద్దిమందికి డెలీరియం వస్తుంది. పగలో రాత్రో తెలియదు, మనుషుల్ని పోల్చుకోలేరు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, బీపీ పెరిగిపోతాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందితే మాత్రం చాలావరకు బయటపడతారు. మెదడును నెమ్మదింపజేసే మాత్రలు తగిన మోతాదులో మొదలుపెట్టి కొన్ని రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు. థయమిన్, అంటే విటమిన్ బి1, ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఎక్కువగా తాగేవాళ్ళలో ఈ విటమిన్ బాగా తగ్గిపోతుంది, దాని లోటు మెదడును శాశ్వతంగా దెబ్బతీయగలదు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఈ లక్షణాలతో జనం బారులు తీరారు.

"మగాడివైతే రేపటినుంచి మానేసి చూపించు" అనే మాట మన ఇళ్ళలో ఎంత మామూలో! రోజూ ఎక్కువగా తాగేవాడికి, పొద్దున్న లేవగానే చుక్క పడితే గానీ చెయ్యి ఆగనివాడికి, గతంలో ఫిట్స్ వచ్చినవాడికి ఆ సవాలు విసరకండి. డాక్టరుతో మాట్లాడి మాన్పించాలి. తెలియకుండా కూరలో పొడి కలిపే పని అసలు వద్దు. అలా కలిపేవాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే అసిటాల్డిహైడ్ పేరుకుపోయి, ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. విషయం తెలిసి, తాగనని ఒప్పుకున్న మనిషికి డాక్టరు పర్యవేక్షణలో ఇస్తే అది మందే. చాటుగా పెడితే విషంతో సమానం.

మేస్త్రి ఆరోజు వార్డులో చేరాడు, బతికాడు. కానీ ఆయనకు ముప్ఫై ఏళ్ళుగా తాగుడుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క డాక్టరు, ఒక్క నర్సు "రోజూ ఎంత తాగుతావు?" అని అడిగి నాలుగు మాటలు చెప్పలేదు. ఇది ఆయనొక్కడి సంగతి కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. అందులో మద్యం సమస్య ఉన్న ప్రతి 100 మందిలో 86 మందికి చికిత్స అందడం లేదని తేలింది. 2019లో వచ్చిన ఎయిమ్స్ నివేదిక ఇంకా కటువైన లెక్క చెప్పింది. మద్యానికి బానిసైనవారిలో ఏదో ఒక చికిత్స పొందింది 38 మందిలో ఒక్కరే. మనదేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్ట్ కూడా లేరు. ఉన్నవాళ్ళు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నారు.

విశాఖకు ఒక అదృష్టముంది. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ ఇక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల నడుస్తోంది. వందేళ్ళు దాటిన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది. అయినా గాజువాక నుంచి వాల్తేరు ఎంత దూరమో ఆ మూడు మద్దిలపాలెం టికెట్లు చెబుతాయి. పాడేరు అవతలి గూడెం నుంచి వచ్చేవాళ్ళకైతే ఘాట్ రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాట, రెండు రోజుల కూలి. ఈ దూరం ఉండకూడదని చట్టమే చెబుతోంది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కవేసింది. వైద్యం కోసం ఎవరూ దూరాలు ప్రయాణించాల్సిన అవసరం లేకుండా, నివాసానికి దగ్గర్లోనే సేవలుండాలని ప్రభుత్వం మీద బాధ్యత పెట్టింది. అది దయాధర్మం కాదు, హక్కు. ఈ సంగతి అప్పకు తెలియదు. మనలో చాలామందికి తెలియదు.

దగ్గర్లో ఉండడం ఎందుకంత ముఖ్యమో నాకు మాల వేసుకునేవాళ్ళను చూశాక బాగా తెలిసింది. మేస్త్రి కూడా రెండుసార్లు అయ్యప్ప మాల వేశాడు. 41 రోజులు చుక్క ముట్టలేదు. (అప్పటికి ఆయన రోజూ తాగే దశకు రాలేదు. ఇప్పుడైతే డాక్టరును అడగకుండా అలా ఆపమని చెప్పను.) ఏం జరిగింది ఆ 41 రోజుల్లో? తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం. ఒంటిమీద నల్లబట్టలు. సరిగ్గా రోజూ బెల్టు షాపు వైపు కాళ్ళు లాగే సాయంత్రం వేళకు భజన. పనిలో తోటివాళ్ళే "స్వామీ" అని పిలుస్తుంటే గ్లాసు అందించే చెయ్యి ఎక్కడిది? మనస్తత్వ శాస్త్రం చెప్పేది కూడా ఇదే. తాగాలనిపించే కోరికను సమయం, చోటు, తోడు రేపుతాయి. ఆ మూడింటినీ మార్చి, ఆ ఖాళీలో ఇంకో పని పెట్టి, చుట్టూ ఉన్న మనుషుల్ని తోడు తెచ్చుకుంటే కోరిక నెమ్మదిస్తుంది. దీక్షలో ఇవన్నీ ఒకేసారి దొరుకుతాయి.

మాల తీశాక 42వ రోజు అదే సెంటర్, అదే సాయంత్రం, అదే స్నేహితులు. ఆసుపత్రి వార్డు నుంచి వచ్చినవాళ్ళకూ ఇంతే. కొన్ని రోజుల్లో వణుకు, చెమటలు పోతాయి. ఏళ్ళుగా మెదడులో పడ్డ దారి మాత్రం పోదు. అందుకే డాక్టర్లు దీన్ని షుగర్, బీపీల్లాంటి దీర్ఘకాలిక జబ్బుగా చూడమంటారు. షుగర్ మళ్ళీ పెరిగితే మందు మోతాదు మారుస్తాం, మనిషిని తిట్టం. మానినవాడు మళ్ళీ తాగినా అంతే. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు కోరికను తగ్గించగలవు. వాటిని నెలల తరబడి వాడాలి. నెలనెలా ఎవరో ఒకరు కూర్చోబెట్టి మాట్లాడాలి. అది వాల్తేరులో మాత్రమే దొరికితే ఎంతమంది నెలనెలా వెళ్తారు?

సైకియాట్రిస్టులు లేనిచోట ఎవరు మాట్లాడతారనే ప్రశ్నకు చక్కటి జవాబులున్నాయి. గోవాలో సైకియాట్రిస్ట్ విక్రమ్ పటేల్ బృందం, వైద్య చదువు లేని మామూలు మనుషులకు శిక్షణనిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టింది. హానికరంగా తాగే మగవాళ్ళతో వాళ్ళు మహా అయితే నాలుగుసార్లు మాట్లాడారు. ఎప్పుడు తాగాలనిపిస్తుంది, ఆ సమయంలో ఇంకేం చెయ్యొచ్చు, వద్దని ఎలా చెప్పాలి, ఇవే మాటలు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలొచ్చాయి. మూడు నెలలకు ఆ స్థాయి తాగుడు నుంచి బయటపడినవాళ్ళు కౌన్సెలింగ్ అందినవారిలో 36 శాతం, మామూలు వైద్యమే అందినవారిలో 26 శాతం. ఈ పద్ధతి ఇప్పటి మేస్త్రికి సరిపోదు, ఆయన దశ దాటిపోయింది. పదేళ్ళ కిందటి మేస్త్రికి సరిపోయేది. నన్ను బాధపెట్టేది ఆ పదేళ్ళే.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ 2006లో 14 మంది అమ్మమ్మలతో పని మొదలుపెట్టాడు. క్లినిక్ బయట చెట్టుకింద బెంచీమీద కూర్చుని వాళ్ళు జనం బాధలు వింటారు, సమస్యను ముక్కలుచేసి ముందు ఒకటి పరిష్కరించుకునేలా చూస్తారు. అక్కడ డిప్రెషన్ అనే మాట వాడరు. షోనా భాషలో 'కుఫుంగిసిస' అంటారు. అంటే ఆలోచన ఎక్కువైపోవడం. మన ఆడవాళ్ళు "ఏవో ఆలోచనలమ్మా, నిద్ర పట్టట్లేదు" అనడం లేదూ? మన రాష్ట్రంలోనే పశ్చిమగోదావరి గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి ఇంటింటా కుంగుబాటు, ఆందోళన లక్షణాలు గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ప్రయోగం జరిగింది. అక్కడ వైద్యం కోసం వెళ్ళేవాళ్ళు పెరిగారు.

విశాఖలో ఇది పెద్ద కష్టమైన పనని నేననుకోను. పట్టణ ఆరోగ్య కేంద్రంలో బీపీ చూసేటప్పుడే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే, తాగుడు గురించిన పది ప్రశ్నలు అడగొచ్చు. ఐదు నిమిషాల పని. వారానికొక పూట సైకియాట్రిస్ట్ అక్కడికే రావచ్చు, మిగతా రోజుల్లో ఫోన్‌లో ఆ కేంద్రం డాక్టరుకు సలహా ఇవ్వొచ్చు. ఫిషింగ్ హార్బర్ దగ్గరైతే వేళలు పడవలను బట్టి పెట్టాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం ఉండే 61 రోజులు మత్స్యకారులు ఒడ్డునే ఉంటారు, చేతిలో డబ్బు ఉండదు, ఇంట్లో టెన్షన్ పెరుగుతుంది. కౌన్సెలర్ జాలారిపేట వెళ్ళాల్సింది అప్పుడే.

గంజాయి సంగతి వేరేగా చెప్పాలి. ఈ ప్రాంతంలో గంజాయి వార్తంటే పట్టివేత వార్తే. చిన్నవయసులో మొదలుపెట్టి రోజూ ఘాటైన సరుకు పీల్చేవాళ్ళకు మతి చెదిరే జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. అలాంటి కుర్రాడి తల్లి ఆసుపత్రికి వెళ్ళాలంటే ముందు పోలీసులకు భయపడుతుంది. చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వ్యసనపరులకు కేసు నుంచి రక్షణ కల్పించే 64ఎ సెక్షన్ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. కాలేజీ గోడలమీద హెచ్చరికల పక్కన ఈ ముక్క కూడా రాయించాలి.

ఇప్పటికిప్పుడు చేతిలో ఉన్నవి రెండు నంబర్లు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, ఉచితం, ఏ వేళైనా చెయ్యొచ్చు. మత్తు వ్యసనాలకు 14446. ఆ రాత్రి మాకు ఇవి తెలిసి ఉంటే తెల్లవారేదాకా ఆగేవాళ్ళం కాదు.

మేస్త్రి ఇప్పుడు పనిలోకి వెళ్తున్నాడు. మధ్యలో ఒకసారి తాగాడు, మళ్ళీ మానాడు. నెలకోసారి అప్ప ఇడ్లీ బండి ఆపి, టిఫిన్ సంచిలో ఓపీ చీటీ మడిచి పెట్టుకుని, ఇద్దరూ వాల్తేరు వెళ్ళొస్తారు. ఆరోజు ఇద్దరికీ సంపాదన లేదు. ఆయనకు అక్కడిచ్చేది రెండు పట్టీల మాత్రలు, పది నిమిషాల మాట. మా పట్టణ ఆరోగ్య కేంద్రం ఆమె బండి దగ్గర్నుంచి చూస్తే కనబడుతుంది.