రెండో రైడ్ కొనేముందు మొదటిదాని నట్టు వదులు చేసి చూడండి

డ్రమ్స్ నేర్పుతూ, కిట్లు సర్దిపెడుతూ ఉండేవాణ్ణి కాబట్టి ఒకే ప్రశ్న రకరకాల గొంతుల్లో వింటుంటాను: "సార్, నా రైడ్ బాగోలేదు. ఇంకో రైడ్ పెట్టుకుంటే సరిపోతుందా?" రైడ్ అంటే డ్రమ్ కిట్‌లో తాళం ఆగకుండా నడిపించే పెద్ద సింబల్, అంటే కంచు పళ్లెం. అడిగేవాళ్లు నిజంగానే దిగులుగా ఉంటారు. "పెద్ద డ్రమ్మర్లందరూ రెండు రైడ్లు వాడతారు" అని ఎవరో అప్పటికే చెవిలో వేసి ఉంటారు. జేబేమో ఒప్పుకోదు. ఇలాంటి సలహాలిచ్చేవాళ్లకి పోయేదేం లేదు, కొనేవాడికే పోతుంది.

అపోహ: ఉన్న రైడ్ బాగా మోగకపోతే రెండోది తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేసే మాట ఇదే. అందుకని దీని దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాను.

ఎవరైనా రైడ్ బాగోలేదంటే నేను స్టిక్ కూడా తీసుకోకుండా ముందు వింగ్ నట్ (సింబల్‌ని స్టాండ్‌కి బిగించే రెక్కల నట్టు) చూస్తాను. చాలా కిట్ల మీద అది చివరిదాకా బిగించి ఉంటుంది. పైన ఉండే ఫెల్ట్ మెత్త నలిగి బిళ్లలా అయిపోయి ఉంటుంది. సింబల్ అంచు పట్టుకుని ఊపితే సింబల్‌తో పాటు స్టాండ్ కూడా ఊగుతుంది. అలా గొంతు నొక్కిపెట్టిన సింబల్ ఏం మోగుతుంది? వాష్ (దెబ్బ తర్వాత పరుచుకునే హోరు) తెగిపోతుంది, బెల్ (మధ్యలోని గుబ్బ) మీద కొట్టినా మొద్దుగా వినిపిస్తుంది. నట్టు ఒకటి రెండు చుట్లు వదిలి, సింబల్ తనంతట తాను ఊగేలా చేసి మళ్లీ వాయించమంటాను. సగం మంది అక్కడే నా మొహం వంక చూస్తారు.

అది కాకపోతే స్టిక్. చెక్క టిప్ (స్టిక్ కొస) చిట్లి పీచు లేచిందంటే పింగ్ (ప్రతి దెబ్బకీ విడిగా వినిపించే టింగుమనే మోత) మెత్తబడిపోతుంది, తప్పు సింబల్‌ది కాదు. ఇంకా పదును కావాలంటే నైలాన్ టిప్ ఉంది. అమెరికన్ డ్రమ్మర్ జో కలాటో 1958లో తెచ్చిన ఆ టిప్ ఇప్పటికీ రైడ్ గొంతు మార్చడానికి అన్నిటికన్నా చవకైన దారి. వాష్ మరీ ఎక్కువైతే సింబల్ అడుగున బొటనవేలంత టేపు ముక్క అంటించండి. నచ్చకపోతే పీకేయొచ్చు.

బ్యాండ్‌లో వాయించే ఒక కుర్రాడు ఇలాగే వచ్చాడు. ఇరవై అంగుళాల రైడ్, మంచిదే. "అంతా గోలే సార్, పింగ్ అనేదే లేదు" అన్నాడు. రెండో రైడ్ కోసం డబ్బు కూడా పోగేశాడు. వాయించమని పక్కన నిలబడి చూశాను. స్టాండ్ ఎంత దూరంగా పెట్టుకున్నాడంటే, చెయ్యి పూర్తిగా చాచినా టిప్ అంచు దగ్గరే పడుతోంది. అంచు దగ్గర కొడితే వాష్ తప్ప ఏమొస్తుంది? స్టాండ్‌ని జానెడు లోపలికి జరిపాను. టిప్ బో (బెల్‌కీ అంచుకీ మధ్య భాగం) మధ్యలో పడింది, పింగ్ వచ్చింది. వాడు సంతోషించాడనుకుంటున్నారా? కొత్త సింబల్ కొనే సాకు పోయిందని కాస్త నీరసపడ్డాడు.

ఇవన్నీ చూసుకున్నాక, మొదటి రైడ్ చక్కగా మోగుతున్నా పాటలో ఇంకో గొంతు కావాలనిపిస్తే, అప్పుడు రెండో రైడ్ గురించి మాట్లాడుకోవచ్చు. అది అవసరమే, ఆడంబరం కాదు. బిగ్ బ్యాండ్ డ్రమ్మర్ మెల్ లూయిస్ సోలో వాయించేవాడు మారినప్పుడల్లా సింబల్ మార్చేవాడు. బ్రాస్ (ట్రంపెట్లు, ట్రాంబోన్లు) అంతా ఒక్కసారిగా లేచినప్పుడు, వదులుగా రివెట్లు వేసిన చైనా రకం (అంచు వెనక్కి తిరిగిన) సింబల్ మీద రైడ్ వాయించేవాడు. ఒకటే గొంతు అన్నిటి వెనకా పనికిరాదని ఆయన లెక్క.

అయితే ఇక్కడ అదే అపోహ ఇంకో వేషంలో వస్తుంది. రెండోది అంటే మొదటిదానికన్నా "మంచిది" అనుకుంటారు. షాపులో వరసగా వేలాడే సింబల్స్‌ని ఒక్కోటీ నాలుగు దెబ్బలు కొట్టి, చెవికి ఇంపుగా ఉన్నది ఎత్తుకొస్తారు. మనిషి చెవి ఒక్కటే కదా, మొదటిసారి ఏది నచ్చిందో మళ్లీ దాదాపు అదే నచ్చుతుంది. ఇంటికొచ్చి చూస్తే ఒకే గొంతు రెండుసార్లు కొన్నట్టు. రెండోది మొదటిదానికి ఎంత దూరంగా ఉందో చూడాలి, ఎంత బాగుందో కాదు.

ఆ దూరం దేన్నిబట్టి వస్తుంది? ముఖ్యంగా మందం. సైజు ఒకటే అయినా మందమైన సింబల్ శ్రుతి పైకి పోతుంది, పింగ్ విడిగా వినిపిస్తుంది. పలచనిది కిందికి దిగుతుంది, వాష్ పరుచుకుంటుంది. ఇరవై రెండు అంగుళాల పలచని రైడ్ 2,300 గ్రాముల దగ్గర తూగితే, అదే సైజు హెవీ రైడ్ 3,000 దాటుతుంది. కాబట్టి సైజు చూసి మోసపోవద్దు, తూకం అడగండి. మీ మెయిన్ రైడ్ గట్టి పింగ్ ఇచ్చేదైతే రెండోది పలచగా, ముదురు గొంతుతో ఉండాలి. మెయిన్‌లోనే వాష్ ఎక్కువ ఉంటే పక్కన డ్రై రైడ్ (వాష్ తక్కువ ఉండేది) గానీ ఫ్లాట్ రైడ్ గానీ పెట్టండి. ఫ్లాట్ రైడ్‌కి బెల్ ఉండదు కాబట్టి ఎంతసేపు వాయించినా వాష్ పేరుకోదు, మెల్లగా వాయించే చోట దానికి సాటి లేదు.

పరీక్ష కూడా చెబుతాను. మీ రైడ్‌ని బ్యాగులో వేసుకుని షాపుకి వెళ్లండి, మొహమాటపడకండి. రెండూ పక్కపక్కన పెట్టించుకుని, మీ స్టిక్స్‌తోనే, ఒకే టెంపోలో నాలుగు బార్లు దీని మీద, నాలుగు బార్లు దాని మీద వాయించండి. కనీసం రెండు నిమిషాలు ఆపకండి. ఒక్క దెబ్బలో వాష్ బయటపడదు, వాయించగా వాయించగా పేరుకుంటుంది. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మారినప్పుడు మొదటిదాని తోక రెండోదాని పింగ్‌ని మింగేస్తోందా అని వినండి. తర్వాత ఎవరిచేతైనా వాయించి, మీరు పది అడుగులు వెనక్కి వెళ్లండి. డ్రమ్ స్టూల్ మీద గణగణమన్నది అక్కడ గాలిలో కలిసిపోవచ్చు, దగ్గర గరగరలాడింది అక్కడ చక్కగా తేలొచ్చు. రెండిటికీ తేడా దూరం నుంచి తెలియకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

మిగతా అపోహలు త్వరగా తేల్చేస్తాను.

రెండు రైడ్లు జాజ్ వాళ్లకే అంటారు. 1940ల్లో కెన్నీ క్లార్క్ లాంటి జాజ్ డ్రమ్మర్లు తాళాన్ని కాలితో వాయించే కిక్ డ్రమ్ మీంచి రైడ్ మీదికి తెచ్చాక రైడ్‌కి అంత ప్రాధాన్యం వచ్చిన మాట నిజమే. అంతమాత్రాన రాక్‌లో వద్దన్నది ఎవరు? వర్స్‌కి (చరణానికి) ఒకటి, కోరస్‌కి (పల్లవికి) వాష్ ఉన్న ఇంకోటి హాయిగా వాడుకోవచ్చు.

రెండూ ఒకే కంపెనీవి అయి ఉండాలట. లోగో మోగదు. చెవికి కుదిరితే చాలు.

మెయిన్ రైడ్ కుడివైపే ఉండాలన్నది అలవాటు మాత్రమే. డ్రమ్మర్లు బిల్లీ కోభమ్, సైమన్ ఫిలిప్స్ చేతులు అడ్డం వేసుకోకుండా ఎడమ చేత్తో ఎడమవైపు రైడ్ నడిపించినవాళ్లు. మీది మామూలు పద్ధతైతే రెండోదాన్ని హై-హ్యాట్‌కీ (పెడల్‌తో నడిచే సింబల్ జత) టామ్‌కీ (ముందు బిగించే చిన్న డ్రమ్) మధ్య పైన పెట్టుకోండి. భుజం లేపకుండా అందాలి. లేపాల్సి వస్తే రెండు పాటలకే నొప్పి మొదలవుతుంది.

హెవీ రైడ్ పగలదన్న ధైర్యం వద్దు. పలచనిదానికన్నా దెబ్బ ఓర్చుకుంటుంది, అంతే. నట్టు బిగించి అంచు మీద నిలువుగా బాదితే ఏ కంచైనా చిట్లుతుంది. దెబ్బ పక్కకి జారేలా కొట్టండి. స్టాండ్ మీద ప్లాస్టిక్ స్లీవ్ (సింబల్ కూర్చునే కడ్డీకి తొడిగే గొట్టం) ఉందో లేదో చూడండి, అది లేకపోతే మధ్య రంధ్రం ఒక పక్కకి అరిగిపోతుంది.

రికార్డింగ్‌లో రెండు రైడ్లుంటే గందరగోళమట. రెండిటికీ విడివిడిగా మైకులు పెడితే అవుతుంది. ఓవర్‌హెడ్‌లు (కిట్ పైన పెట్టే మైకులు) సరిగ్గా పెడితే వాటిలోనే రెండూ పడతాయి. వాయించని సింబల్ కూడా పక్కవాటి మోతకి కొంచెం గుయ్యిమంటుంది, అది వద్దనుకుంటే ఆ పాటకి దాన్ని తీసి పక్కన పెట్టేయండి.

చివరగా స్టాండ్. రెండో రైడ్‌కి సాధారణంగా బూమ్ స్టాండే (పక్కకి చాచే చెయ్యి ఉన్నది) వాడాల్సి వస్తుంది. బూమ్ చెయ్యి ఎటు చాచి ఉందో, మూడు కాళ్లలో ఒకటి సరిగ్గా ఆ వైపు, దాని కిందే ఉండాలి. రెండు కాళ్ల మధ్య ఖాళీ మీదికి చాచితే పాట మధ్యలో మొత్తం టామ్ మీద పడుతుంది.